టార్చి వెలుగులో కలివి కోడి

1986 జనవరి. కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర రాత్రిపూట చిట్టడవిలోకి వెళ్లిన ఓ వేటగాడి టార్చి వెలుగులో ఒక పిట్ట పడింది. వెలుగుకు బిత్తరపోయిన దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చాడు. అంతరించిపోయిందని పుస్తకాలు ఎప్పుడో తేల్చేసిన కలివి కోడి అది.

దీన్ని మొదట లోకానికి పరిచయం చేసినవాడు మద్రాసు సైన్యంలో డాక్టరు థామస్ జెర్డన్. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ పేరులోని ‘బైటార్క్వేటస్’ అన్న మాట పిట్ట ఛాతీ మీది రెండు పట్టీలను చెబుతుంది. తర్వాత గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం వైపు ప్రకృతి శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్‌కు కనిపించింది. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి. అంతే, మళ్లీ జాడ లేదు.

ఎనిమిది దశాబ్దాల్లో వెతికినవాళ్లు లేక కాదు. జానెడు పైచిలుకు పిట్ట, మట్టి రంగు, ముళ్లపొదల మధ్య బతుకు. పైగా దీని చుట్టమైన ఇండియన్ కోర్సర్ పట్టపగలే బీళ్లలో పరుగులు తీస్తుంది. ఇదీ అంతేననుకుని పగటిపూట గాలిస్తే కలివి కోడి ఎందుకు దొరుకుతుంది? అది చీకటి పడ్డాకే బయటికొచ్చే రకం.

ఆ సంగతి రాత్రి వేటకు వెళ్లేవాళ్లకు తెలుసు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ ఊళ్లలో పిట్ట బొమ్మ చూపించి అడిగితే, గుర్తుపట్టింది వాళ్లే. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివి కోడి అని పేరు కూడా పెట్టుకున్నారు. అదృష్టం తలుపు తట్టింది నిజమే కానీ, ఆ తలుపు ఏ వీధిలో ఉందో చెప్పింది స్థానికులు.

పట్టుకున్న పిట్ట ఎన్నాళ్లో బతకలేదు. కానీ దాని పుణ్యాన 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత దాని ఆవాసం దెబ్బతినకుండా తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

2000 తర్వాత వెతుకులాట తీరు మారింది. పరిశోధకుడు జెగనాథన్ బృందం పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, చదును చేసి వదిలేది. తెల్లారి వెళ్లి చూస్తే రాత్రి ఎవరు నడిచారో కాలిముద్రలే చెప్పేవి. పిలుపును రికార్డు చేసి, సందెవేళ వినిపించి, బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించేవారు. పొద్దు గూకాక కాసేపే పలుకుతుందది. ఆ కాసేపు దాటితే ఆ రాత్రికి ఇక ఖాళీ చేతులే.

గుడ్డు కథ మరీ విచిత్రం. అడవిలో ఏ శాస్త్రవేత్తకూ దొరకని ఆ గుడ్డు స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర ఓ పశువైద్యుడు సేకరించింది. డీఎన్ఏ పరీక్షతో అది కలివి కోడిదేనని 2013లో తేలింది.

ఆ మధ్యలోనే పిట్ట మళ్లీ ముఖం చాటేసింది. 2008 తర్వాత ఏళ్ల తరబడి నమ్మదగిన కబురు లేదు. చివరకు 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు కడప జిల్లాలోనే చీకట్లో దాని పిలుపును రికార్డు చేశారు. ఈసారి టార్చికి పిట్ట చిక్కలేదు, మైకుకు గొంతు చిక్కింది.