ట్యాంకు నిండేలోగా ఓడ రావాలి

సముద్రంలో చమురు తీసిన చరిత్రను చాలామంది డ్రిల్లింగ్ కథగానే చెబుతారు. ఎంత లోతుకు దిగారు, ఎన్ని బావులు తవ్వారు అన్నదే అందులో ప్రధానం. కానీ ఆ పరిశ్రమను మలిచింది మరో చిక్కు: పైకొచ్చిన చమురును ఏ ఓడకు, ఏ రోజున ఎక్కించాలి? ఉత్తర సముద్రంలోని నార్వే క్షేత్రం ఎకోఫిస్క్ ఇందుకు గట్టి సాక్ష్యం. 1971లో గల్ఫ్‌టైడ్ అనే రిగ్గు నుంచి నాలుగు బావుల చమురును బోయాలకు కట్టిన ట్యాంకర్లలోకి నేరుగా పంపేవారు. మధ్యలో నిల్వకు చోటు లేదు. అలలు పెరిగితే ట్యాంకరు తాళ్లు విప్పుకుని తప్పుకునేది, దాంతో బావులూ ఆగేవి. భూమిలో చమురుకు కొదవ లేదు, యంత్రాలూ బాగానే ఉన్నాయి, ఓడ నిలవలేకపోవడమే లోటు. అందుకే 1973లో పది లక్షల పీపాలు పట్టే కాంక్రీటు ట్యాంకును అక్కడ సముద్రగర్భం మీద నిలబెట్టారు. తుపాను రోజుల్లోనూ ఉత్పత్తి సాగడానికి కట్టిన ట్యాంకు అది.

పైపులైను వస్తే ఈ బెడద తీరిపోతుంది కదా అనవచ్చు. ఎకోఫిస్క్ నుంచి ఇంగ్లండులోని టీసైడ్‌కు 1975లో పైపులైను పడింది. మన బొంబాయి హైలో కూడా 1976లో ట్యాంకర్లతో మొదలైన రవాణా 1978లో ఉరాన్ పైపులైనుకు మారింది. అయితే పైపులైను అన్నిచోట్లా కుదరలేదు. 1979లో మొదలైన స్టాట్‌ఫ్యోర్డ్ క్షేత్రానికీ నార్వే తీరానికీ మధ్య లోతైన సముద్రగర్భపు అగడ్త అడ్డుపడింది, చమురు ట్యాంకర్ల మీదే పోయింది. 1977లో స్పెయిన్ తీరాన కాస్టెయాన్ క్షేత్రం దగ్గర షెల్ సంస్థ ఒక ట్యాంకరునే ఉత్పత్తి నౌకగా మార్చి లంగరు వేసింది. శుద్ధి, నిల్వ, ఎగుమతి ఒకే ఓడ మీద జరిగే పద్ధతి అక్కడ మొదలైంది.

ఈ పద్ధతిలో ట్యాంకులో మిగిలిన ఖాళీ అంటే చేతిలో మిగిలిన రోజులే. ట్యాంకరు ఆలస్యమైతే ముందు ఉత్పత్తి తగ్గించాలి, తర్వాత ఆపాలి. లోతు నీటి బావిని ఆపితే చల్లబడిన గొట్టాల్లో మైనం, హైడ్రేట్లు పేరుకుని తిరిగి నడపడం కష్టమవుతుంది. సరుకు సిద్ధం కాకముందే ట్యాంకరు వస్తే నిరీక్షణకు డెమరేజ్ అనే రుసుము కట్టాలి. ఇంకా పెద్ద ట్యాంకులు పెట్టుకోవచ్చుగా అనే వాదనలో సగమే నిజం. పెద్ద ట్యాంకు నాలుగు రోజులు అదనంగా ఇస్తుంది, అంతేగాని తేదీలు కుదర్చాల్సిన పనిని తీసేయదు. క్షేత్రంలో భాగస్వాములు ఇద్దరు ముగ్గురుంటే ఎవరి వాటా ఎప్పుడు ఎత్తాలో నెలల ముందే ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం ఎంత పక్కాగా ఉన్నా సముద్రం దానికి కట్టుబడదు.

మన తీరానికీ ఈ లెక్క వచ్చింది. 2008లో కృష్ణా–గోదావరి బేసిన్‌లోని ఎంఏ క్షేత్రంలో అలాంటి ఉత్పత్తి నౌక మీదే చమురు ఉత్పత్తి మొదలైంది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ ఆ బేసిన్‌లోనే తన 98/2 బ్లాకులో అదే దారి పట్టింది. అక్కడి గ్యాసు పైపులైనులో కోనసీమలోని ఓడలరేవుకు చేరుతుంది, చమురు మాత్రం ట్యాంకరు వస్తేనే కదులుతుంది.