కంప్యూటర్‌లో టెంపరరీ ఫైళ్ళు తీసి జాగా చేసుకోవడం: ఏది తీయొచ్చు, ఏది ముట్టరాదు

‘దిస్ పీసీ’ తెరిస్తే సీ డ్రైవ్ కింద ఒక పట్టీ కనిపిస్తుంది. మామూలుగా అది నీలంగా ఉంటుంది. ఖాళీ జాగా నూటికి పది పాళ్ళ కంటే తగ్గితే ఎర్రగా మారుతుంది. ఎర్రగా మారినంత మాత్రాన మిషన్ చెడిపోయిందని కాదు, కానీ వారాల తరబడి అలాగే వదిలేస్తే చిక్కులు మొదలవుతాయి. విండోస్ అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది. వర్డ్‌లో సేవ్ కాదు. ప్రింట్ ఇస్తే కాగితం బయటికి రాదు, ఎందుకంటే ప్రింటర్‌కు పంపే ముందు ప్రతి పేజీని విండోస్ తన డిస్కు మీదే రాసుకుంటుంది. అక్కడ జాగా లేకపోతే ప్రింటర్ ఎంత కొత్తదైనా పని జరగదు.

మన బడులకు ఇది చిన్న సంగతి కాదు. తెలుగు మీడియం పరీక్ష పేపర్లు బజారులో దొరికే సరుకు కాదు కదా. మన అయ్యవార్లు, టీచర్లు రాత్రిపూట కూర్చుని టైపు చేసుకున్నవే. పరీక్ష ముందురోజు సాయంత్రం ‘డిస్క్ ఫుల్’ అని తెర మీద పడితే, ఆ గాబరాలో కనిపించినదల్లా డిలీట్ చేసేవాళ్ళు ఉంటారు. అలా చేస్తే చెత్తతో పాటు సరుకు కూడా పోతుంది. అందుకే తీరిక ఉన్నప్పుడే ఈ పద్ధతి తెలుసుకోండి.

టెంపరరీ ఫైళ్ళంటే పని జరిగేటప్పుడు కంప్యూటర్ తన సౌకర్యం కోసం రాసుకునే చిత్తు కాగితాలు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు దాని మూటను విప్పి ఒక మూల పరుచుకుంటుంది. బ్రౌజర్ ఒకసారి చూసిన పేజీలోని బొమ్మలను మళ్ళీ దించుకోకుండా దాచుకుంటుంది. వర్డ్ మీ ఫైలు తెరిచి ఉన్నంతసేపు పక్కనే కనపడకుండా మరో చిన్న ఫైలు పెట్టుకుంటుంది. పని అయ్యాక ఇవన్నీ తమంతట తామే పోవాలి. కరెంటు పోయి మిషన్ ఆగినా, ప్రోగ్రాం మధ్యలో మూసుకుపోయినా అవి అక్కడే మిగిలిపోతాయి. కరెంటు కోతలున్న ఊళ్ళలో, యూపీఎస్ లేని లాబుల్లో ఇవి ఎక్కువగా పేరుకోవడానికి కారణం ఇదే.

తీయడానికి అన్నిటికంటే భద్రమైన దారి విండోస్‌లోనే ఉంది. విండోస్ 10, 11లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ నొక్కండి. కాసేపు లెక్క చూసి, ఏ రకం ఎంత జాగా తింటోందో వరుసగా చూపిస్తుంది. కావలసిన వాటికి టిక్కు పెట్టి ‘రిమూవ్ ఫైల్స్’ నొక్కాలి. పాత విండోస్ 7 మిషన్లలో ఈ పేజీ లేదు. స్టార్ట్ నొక్కి ‘డిస్క్ క్లీనప్’ అని వెతకండి. అందులో ‘క్లీనప్ సిస్టమ్ ఫైల్స్’ అనే బటన్ కూడా నొక్కితేనే పెద్ద మూటలు బయటపడతాయి.

ఆ వరుసలో టెంపరరీ ఫైల్స్, థంబ్‌నెయిల్స్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైల్స్, విండోస్ అప్‌డేట్ క్లీనప్ అనేవి నిశ్చింతగా తీసేయొచ్చు. థంబ్‌నెయిల్స్ అంటే ఫోటోల చిన్న నకళ్ళు మాత్రమే. అసలు ఫోటోలు పోవు, ఫోల్డర్ మళ్ళీ తెరిస్తే నకళ్ళు తిరిగి తయారవుతాయి. ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ అని కనిపిస్తే అది మీ పాత విండోస్, కొత్త వెర్షన్ ఎక్కినప్పుడు పక్కన పెట్టుకున్నది. పది జీబీకి పైగా కూడా ఉండొచ్చు. మామూలుగా పది రోజుల తర్వాత విండోసే దాన్ని తీసేస్తుంది. కొత్త వెర్షన్‌లో మీ ప్రింటర్, మీ తెలుగు టైపింగ్ సరిగ్గా పనిచేస్తున్నాయని చూసుకున్నాకే దాన్ని ముట్టండి. తీసేశాక వెనక్కి పోవడానికి దారి ఉండదు.

రీసైకిల్ బిన్ విషయంలో ఒక్క మాట. అందులో పడేసిన ఫైళ్ళు డిస్కు మీదే ఉంటాయి, జాగా తింటూనే ఉంటాయి. ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది. ఖాళీ చేసే ముందు ఒకసారి తెరిచి చూడండి. పెన్ డ్రైవ్‌లోంచి డిలీట్ చేసినవి మాత్రం సాధారణంగా ఈ బుట్టలోకి రావు, నేరుగా పోతాయి.

ఇక జాగ్రత్తగా వినవలసిన సంగతి డౌన్‌లోడ్స్. ఆ టెంపరరీ ఫైల్స్ వరుసలోనే ‘డౌన్‌లోడ్స్’ అని ఒక గడి ఉంటుంది. పేరు టెంపరరీ, లోపల ఉన్నది మాత్రం మీ సొంత సొత్తు! తెలుగు పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, శాఖ నుంచి వచ్చిన సర్క్యులర్లు, ఎమిస్ నుంచి దించుకున్న పిల్లల జాబితాలు, వాట్సాప్ వెబ్‌లో తెరిచిన ప్రశ్నపత్రాలు, అన్నీ మామూలుగా అందులోనే పడి ఉంటాయి. ఇలా తీసినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా పోవు. ఎక్కువ జీబీలు కనిపిస్తున్నాయని ఆశపడి అక్కడ టిక్కు పెట్టకండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను చేత్తో తెరిచి, సైజు ప్రకారం వరుస పెట్టుకుని, ఒక్కొక్కటి చూసి తీసేయాలి. కావలసినవాటిని డీ డ్రైవ్‌లోకి మార్చుకోవాలి. అదే స్టోరేజ్ పేజీలో ‘స్టోరేజ్ సెన్స్’ అని తనంతట తానే శుభ్రం చేసే ఏర్పాటు కూడా ఉంది. మంచిదే, పెట్టుకోండి. అందులో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు సంబంధించిన చోట మాత్రం ‘నెవర్’ అనే ఉందో లేదో చూడండి. బడి మిషన్‌ను పదిమంది వాడతారు, ఎవరో ఒకరు దాన్ని ముప్ఫై రోజులకు మార్చి ఉండొచ్చు.

చేత్తో తీసే పద్ధతి చాలామంది పిల్లలకు తెలుసు. విండోస్ గుర్తు ఉన్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కితే ‘రన్’ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో పర్సెంట్ గుర్తు, ఖాళీ లేకుండా ఇంగ్లీషులో టెంప్ అనే నాలుగక్షరాలు, మళ్ళీ పర్సెంట్ గుర్తు కొట్టి ఎంటర్ చేస్తే టెంప్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అన్నీ ఎంచుకుని డిలీట్ చేయండి. ‘ఫైల్ వాడుకలో ఉంది’ అని అడ్డుపడితే ‘స్కిప్’ నొక్కండి, బలవంతం వద్దు. ఈ పనికి ముందు అన్ని ప్రోగ్రాములూ మూసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. కొత్తగా ఎక్కించిన సాఫ్ట్‌వేర్ రీస్టార్ట్ కోసం ఎదురుచూస్తుంటే దాని సామాను ఆ ఫోల్డర్‌లోనే ఉండొచ్చు. ప్రీఫెచ్ అనే ఫోల్డర్ కూడా తుడిచేయమని వీడియోల్లో చెబుతుంటారు, అవసరం లేదు. అది ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకున్న చిన్న లెక్క. తీసేస్తే మిగిలే జాగా తక్కువ, తర్వాత కొద్దిరోజులు నిదానం ఎక్కువ.

టెంప్ తుడిచే ముందు ఇంకొకటి ఆలోచించాలి. జిప్ ఫైలును విప్పకుండా, దాని లోపల ఉన్న మార్కుల పట్టికను అక్కడే రెండుసార్లు నొక్కి తెరిస్తే, మీరు చూసేది టెంప్ ఫోల్డర్‌లో తయారైన నకలు. మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్‌ను నేరుగా తెరిచినా చాలాసార్లు ఇంతే. అందులో మార్కులు దిద్ది సేవ్ కొడితే ఆ దిద్దుబాటు టెంప్‌లోనే ఉండిపోవచ్చు. మర్నాడు ఇంకొకరు టెంప్ తుడిస్తే ఆ పని అంతా పోయినట్టే. కాబట్టి జిప్‌ను ముందు ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ చేయండి, మెయిల్ ఫైలును ముందు ఒక ఫోల్డర్‌లో సేవ్ చేయండి, ఆ తర్వాతే దిద్దండి. వర్డ్ మధ్యలో మూసుకుపోయి ఉంటే టెంప్ తుడవకముందే వర్డ్ తెరిచి చూడండి, సేవ్ కాని భాగం దొరికే అవకాశం ఉంటుంది.

ఫాంట్ల సంగతి మనవాళ్ళకు ప్రత్యేకం. మన పాత పేపర్లలో ఎన్నో అను ఫాంట్లతో టైపు చేసినవి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ మిషన్‌లో లేకపోతే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళం కనిపిస్తుంది. జాగా కోసం ఫాంట్స్ ఫోల్డర్ జోలికి పోకండి. ఒక్కో తెలుగు ఫాంట్ తినేది ఒక్క ఫోటో అంత కూడా ఉండదు. అలాగే విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు ‘ఆప్షనల్ ఫీచర్స్’ కిందికి పోయాయి. అనవసరం అనుకుని తీసేస్తే ఆ ఫాంట్లతో పేజీలు సర్దుకున్న పాత ఫైళ్ళ అమరిక చెదురుతుంది. అను ఫైళ్ళలో ముఖ్యమైనవాటికి ఫాంట్ ఉన్న మిషన్‌లోనే పీడీఎఫ్ నకలు తీసి పెట్టుకోవడం మంచిది.

బ్రౌజర్ చెత్తకు కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే చాలు. ‘క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్’ ఒక్కదానికే టిక్కు ఉంచండి. కుకీస్ తీస్తే తెరిచి ఉన్న లాగిన్లన్నీ పోతాయి. పాస్‌వర్డులు తీస్తే ఇక చెప్పనక్కర లేదు.

ఒక్క నొక్కుతో అంతా శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్లు బడి మిషన్లలో వద్దని నా అభిప్రాయం. ప్రపంచమంతా వాడిన సీక్లీనర్‌లోనే 2017లో ఒక వెర్షన్‌లోకి దొంగలు చెడు ప్రోగ్రాం చొప్పించారు, ఇరవై లక్షలకు పైగా కంప్యూటర్లలోకి ఆ వెర్షన్ చేరింది. విండోస్‌లో ఉచితంగా ఉన్న పనికి బయటివాళ్ళను పిలవడం ఎందుకు?

ఇంకో అపోహ, టెంప్ తుడిస్తే మిషన్ పరిగెడుతుందని. డిస్కు నిండుకుని ఉంటేనే తేడా తెలుస్తుంది. సగం ఖాళీగా ఉన్న డిస్కును ఎంత తుడిచినా వేగం రాదు. అక్కడ ర్యామ్ తక్కువో, పాత హార్డ్ డిస్కో అసలు కారణం అయి ఉంటుంది. నెలకోసారి స్టోరేజ్ పేజీ చూస్తే చాలు, రోజూ తుడవక్కర లేదు.

ఈ నెల ఆఖరి శనివారం మధ్యాహ్నం మన లాబ్ మిషన్లన్నిటినీ ఈ పద్ధతిలోనే శుభ్రం చేస్తాం. డెస్క్‌టాప్ మీద గానీ డౌన్‌లోడ్స్‌లో గానీ మీ ఫైళ్ళు ఉంటే, శుక్రవారం సాయంత్రంలోగా డీ డ్రైవ్‌లో మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి మార్చుకోవలసిందిగా ఉపాధ్యాయులను, తొమ్మిది, పదో తరగతి పిల్లలను కోరుతున్నాం.