రెండు మిల్లీమీటర్ల వనవాసం

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు. జనవరి మాసం, అప్పుడే పొద్దు పొడిచింది. నీళ్ల మధ్య సర్కారు తుమ్మ చెట్లు కొమ్మలు కనిపించనంతగా గూడబాతులతో, ఎర్రకాళ్ల కొంగలతో నిండిపోయాయి. ముందు గోల వినిపిస్తుంది, ఆ వెనకే చేపల నీచు వాసన.

మీ చేతిలో కానన్ న్యూ ఎఫ్‌డీ 300 ఎంఎం ఎఫ్/4, 1980ల నాటిది. దాని వెనక అడాప్టరు, ఆ వెనక సోనీ మిర్రర్‌లెస్ బాడీ. అడాప్టరు రింగు ‘లాక్’ వైపు తిరిగిందో లేదో చూసుకోండి. తిరగకపోతే ఎపర్చరు ఎంత మార్చినా లోపలి రేకులు కదలవు. తగిలించింది ఏ లెన్సో కెమెరాకు తెలియదు. లెన్సు లేకున్నా షట్టర్ పడేలా మెనూలో పెట్టండి. స్టెబిలైజర్‌కు 300 అని మీరే చెప్పండి.

అడాప్టరులో గాజు లేదు, వట్టి గొట్టమే. 1971లో వచ్చిన ఎఫ్‌డీ మౌంటు నుంచి ఫిల్ముకు దూరం 42 మి.మీ. 1987లో కానన్ ఈఓఎస్ తెచ్చినప్పుడు అది 44 అయింది. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాతో పాత లెన్సు కొత్త బాడీ మీద దూరపు వస్తువును పట్టలేకపోయింది. మధ్యలో ఇంకో గాజు పెడితే పట్టేది కానీ పదును తగ్గేది. అద్దం తీసేసిన సోనీలో ఆ దూరం 18 మి.మీ. మాత్రమే. మిగిలిన 24ను ఈ గొట్టం పూడ్చింది. ఇంత మంచి గాజు ఏ పాపమూ ఎరగకుండా అన్నేళ్లు బీరువాల్లో పడి ఉందంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కన్ను ఆనించండి. అంతా మసక. ఫోకస్ రింగు మెత్తగా, కాస్త బరువుగా తిరుగుతుంది. మసకలోంచి ముందు కొమ్మ, తర్వాత గూడు, ఆపైన గూడబాతు. పదునైన అంచులను చూపే పీకింగ్ ఎర్ర గీతలు ముక్కు మీద మెరిశాయి. వాటిని నమ్మకండి, టెలీలో తొందరపడి వెలుగుతాయి. బొమ్మను పెద్దది చేసి, కంటి చుట్టూ ముడతలు తేలేదాకా వెంట్రుకవాసి తిప్పండి. 20 మీటర్ల దూరంలో ఎఫ్/4 దగ్గర పదునుగా వచ్చే లోతు సుమారు ఒక మీటరే.

తెల్లటి రెక్క అంచున ఊదా గీత కనిపిస్తోందా? ఎఫ్/5.6కో, ఎఫ్/8కో తిప్పండి, పలచబడుతుంది. తెర మాత్రం చీకటి కాదు, వెలుగును తానే సర్దుకుంటుంది.

ఎగిరే కొంగ వెంటపడకండి. ముక్కున పుల్ల ఉందంటే అది గూటికే వస్తుంది. ఆ గూటి మీద ఫోకస్ పెట్టి ఆగండి. అదిగో, కాళ్లు చాచింది, రెక్కలు గొడుగైనాయి. నొక్కండి! పక్క గూట్లో గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి తలంతా దూర్చేసింది. మళ్లీ నొక్కండి.

ఎండెక్కాక నీళ్ల మీది వేడికి బొమ్మ అలలాడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన కొత్త లెన్సూ చేయగలిగింది లేదు. గట్టు దగ్గరి చెట్టుకు తిరిగి 135 ఎంఎం లెన్సు తగిలించండి. స్టెబిలైజర్‌లోనూ 300 తీసి 135 చేయండి, లేకపోతే బొమ్మ అదిరిపోతుంది.