పద్నాలుగో లైను

"అన్నా, నేనేం మార్చలేదు. పొద్దున నడిచిన బిల్డ్ ఇప్పుడు ఆగిపోయింది." గచ్చిబౌలి ఆఫీసులో రాత్రి తొమ్మిదింటికి పక్క సీటు కుర్రాడు ఈ మాట అన్నప్పుడు ఏడుపొక్కటే తక్కువ. తెర మీద 'మిస్సింగ్ సెపరేటర్' అని ఒకే ముక్క, ముందు మేక్‌ఫైలు పేరు, లైను నంబరు 14. ఆ లైను నేనూ చదివాను. కమాండు సరిగ్గానే ఉంది.

టెర్మినల్లో క్యాట్ కమాండుకి మైనస్ పెద్ద ఏ తగిలించి ఆ ఫైలునే మళ్లీ చూపించాను. మిగతా కమాండ్ల మొదట్లో టోపీ గుర్తు, పక్కన పెద్ద ఐ అక్షరం కనిపించాయి. ట్యాబ్ అలా బయటపడుతుంది. పద్నాలుగో లైను ముందు మాత్రం ఉత్త ఖాళీ, నాలుగు స్పేసులు. మధ్యాహ్నం ఆ లైను పొరపాటున చెరిపేసి, చాట్‌లో ఎవరికో పంపిన దాన్నే తెచ్చి అతికించాడట. అతని ఎడిటర్లో ట్యాబ్ వెడల్పు కూడా నాలుగే. ఇక కంటికి తేడా ఎలా తెలుస్తుంది?

బిల్డ్ నడిపే మేక్ అనే సాధనానికి కమాండు ముందు ట్యాబే కావాలి, స్పేసులు పనికిరావు. ఈ ట్యాబ్ కథ 1976 ఏప్రిల్‌లో, అమెరికాలో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. యాక్ అనే సాధనాన్ని రాసిన స్టీవ్ జాన్సన్ ఒకరోజు విసురుగా స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. సరిగ్గా ఉన్న ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఆయన పొద్దుటి పూటంతా పోగొట్టుకున్నాడు. తప్పు అప్పటికే దిద్దాడు, ఆ ఫైలును మళ్లీ కంపైల్ చేయలేదు, అంతే. పాత ఆబ్జెక్ట్ ఫైలే వచ్చి కలిసింది. ముందురోజు సాయంత్రం ఫెల్డ్‌మన్ కూడా అదే బాధ పడ్డాడు. ఆ వారాంతంలో ఆయన రాసిందే మేక్. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో మనం రాసిస్తే, మార్పు సమయాలు పోల్చి, పాతబడినవాటినే మళ్లీ తయారుచేస్తుంది. నేను రోజూ వాడే పనిముట్లలో ఇంత చిన్న ఆలోచనతో ఇంత మేలు చేసింది మరొకటి లేదు.

కమాండు లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలన్న నియమం కూడా అప్పటిదే. ఫెల్డ్‌మన్‌కి లెక్స్ అనే సాధనం అప్పుడు కొత్త. మొదటి ప్రయత్నంలో చిక్కుపడి, 'కొత్త లైను, వెంటనే ట్యాబ్' అన్న తేలిక గుర్తుతో సరిపెట్టాడు. పని నడిచింది. కొన్ని వారాలకే ఓ డజను మంది వాడసాగారు, ఎక్కువమంది స్నేహితులే. వాళ్ల ఫైళ్లు చెడగొట్టడం ఇష్టంలేక ట్యాబ్‌ని అలాగే ఉంచేశాడు. ఈ సంగతి తర్వాత ఆయనే చెప్పాడు. మేక్‌కి గాను 2003 ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు ఆయనకే దక్కింది.

ఆయన్ని నేను తప్పుపట్టను. నమ్మి వాడుతున్నవాళ్ల పని ఆగకూడదనుకోవడం మంచి ఇంజనీరు లక్షణం. నా ఫిర్యాదల్లా ఆ 'మిస్సింగ్ సెపరేటర్' సందేశం మీదే. మేక్‌కి మరో రూపమైన గ్నూ మేక్‌లో లైను ఎనిమిది స్పేసులతో మొదలైతే, ట్యాబ్ బదులు స్పేసులు పెట్టారా అని అదే అడుగుతుంది. నాలుగైతే అడగదు. 2010లో వచ్చిన 3.82 వెర్షన్ నుంచి ట్యాబ్ బదులు వేరే గుర్తు పెట్టుకునే వీలుంది. నేను పనిచేసిన ఏ ప్రాజెక్టులోనూ దాన్ని వాడగా చూడలేదు.

ఏమీ మార్చకుండానే పని ఆగిపోవడం షెల్ స్క్రిప్టుల్లోనూ జరిగింది. 2006లో ఉబుంటు 6.10లో ఎస్‌హెచ్ అన్న పేరు వెనక బాష్ షెల్ తీసేసి డ్యాష్ షెల్ పెట్టారు. డ్యాష్‌కి తెలియని జోడు చదరపు బ్రాకెట్లు వాడుతూ ఎస్‌హెచ్ పేరుతో నడిచే స్క్రిప్టులు, ఒక్క అక్షరం మారకుండానే, ఆగిపోయాయి.

అందుకే సీనియర్లకు నా మనవి. "నేనేం మార్చలేదు" అంటూ ఎవరైనా మీ సీటు దగ్గరికొస్తే కోప్పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని, క్యాట్ మైనస్ ఏతో ఆ ఫైలు ఒక్కసారి తెరిచి చూపించండి.