1918 ఫ్లూలో అసలు చంపింది ఎవరు?

ఫ్రెండ్స్, 1918 ఫ్లూ అనగానే అంతమందిని వైరస్సే చంపేసింది అనుకుంటాం కదా. అది సగం కథే.

1892లో జర్మన్ సైంటిస్ట్ రిచర్డ్ ఫైఫర్ ఫ్లూకి కారణం ఒక బ్యాక్టీరియా అన్నాడు. 1918లో డాక్టర్లు దాన్నే వెతికారు. కొందరిలో దొరికింది, కొందరిలో లేదు. మనుషుల ఫ్లూ వైరస్ దొరికింది 1933లో, లండన్‌లో.

మరి బ్యాక్టీరియా తప్పేం లేదా? ఉంది! 2008లో అమెరికన్ సైంటిస్టులు మోరెన్స్, టాబెన్‌బెర్గర్, ఫౌచీ ఆనాటి 58 మంది మృతుల ఊపిరితిత్తుల శాంపిల్స్ మళ్లీ చూశారు. వాటిలో కనిపించింది బ్యాక్టీరియల్ న్యుమోనియా. అప్పటి రిపోర్టుల్లో చాలామంది రక్తంలోనూ బ్యాక్టీరియా ఉంది. అంటే వైరస్ శ్వాసనాళం లోపలి పొరను పాడుచేసి తలుపు తీసింది. మన ముక్కు, గొంతులో ఉండే బ్యాక్టీరియా లోపలికి దూరి, రక్తం దాకా వెళ్లింది. పెన్సిలిన్ కనిపెట్టిందే 1928లో, ఇక అప్పుడు మందెక్కడిది?

కోవిడ్‌లో సీన్ రివర్స్. డబ్ల్యూహెచ్‌వో లెక్క ప్రకారం, ఆస్పత్రిలో చేరినవాళ్లలో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కూడా ఉన్నది 8 శాతం మందికే. యాంటీబయాటిక్ ఇచ్చింది మాత్రం సుమారు 75 శాతం మందికి! ఇలా వాడేకొద్దీ బ్యాక్టీరియా మొండిదవుతుంది. రేపు నిజంగా రక్తంలోకి దిగితే మందు పనిచేయదు.

అందుకే జ్వరం రాగానే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడక్కండి. అవసరమో కాదో డాక్టర్‌ని తేల్చనివ్వండి.