హులా: శాసనమునకు లొంగని నాట్యము

పసిఫిక్ మహాసముద్ర మధ్యమున అగ్నిపర్వతములనుండి పుట్టిన హవాయి ద్వీపములకు, 1820లో అమెరికానుండి క్రైస్తవ మతప్రచారకులు వచ్చి అక్షరములు కూర్చువఱకు లిపి లేదు. రాజవంశముల పరంపరలు, దేవతల చరితములు, ప్రణయగీతములు మున్నగునవెల్ల 'మెలె' యను గానములుగా గురుముఖమున కంఠస్థములై, హులా యను నృత్యమునందు రూపము దాల్చుచుండెను. అట్టి విద్యను వట్టి వినోదమని తలచినవారు తాళపత్రగ్రంథమును చూచి విసనకఱ్ఱ యనుకొన్నవారే.

హులా నేర్పు 'హాలౌ' అను శాలలలో, అడవినుండి తెచ్చిన పచ్చని కొమ్మలతో లాకాదేవతకు వేదిక నమర్చి, శిష్యులు కఠినమైన నియమములతో గురుశుశ్రూష చేయుచుండిరి. గాయకుడు మ్రాను తొలిచి సొరచేప చర్మము బిగించిన 'పహు' నో, బుఱ్ఱకాయలను జతపఱచి చేసిన 'ఇపు' నో మ్రోయించుచు పాడగా, నర్తకుల పాదములు లయను నిలుపును, హస్తములు వానను, అలను, పూలమాలను సూచించును. చేతులే కథ యంతయు చెప్పునని యాత్రికులు నమ్ముదురు గాని, అర్థమునకు ఆధారము పదములే. ఆ పదములకును తఱచుగా పైకి కానరాని వేఱొక యర్థముండును.

ద్వీపములను ఏకము చేసిన మొదటి కమెహమెహా భార్యయగు కఆహుమాను, భర్త మరణానంతరము రాజ్యభారము వహించి, క్రైస్తవమును స్వీకరించి, హులాను బహిరంగముగా ఆడరాదని 1830లో శాసించెను. రెండేండ్లకు ఆమె గతించుటతో కట్టడి సడలినను, 1851 మొదలు ప్రదర్శనమునకు ప్రభుత్వానుమతి పొందవలసివచ్చెను. మాఱుమూల పల్లెలలో మాత్రము గురువులు తమ పని తాము చేసికొనుచునే యుండిరి.

1874లో సింహాసనమెక్కిన కలాకౌవ, 1883 ఫిబ్రవరిలో హోనలూలూయందలి తన పట్టాభిషేకోత్సవమునకు హులా బృందములను రప్పించి ఆడించెను. అంతట ఆ నాట్యముల కార్యక్రమపత్రము అశ్లీలమని నిందమోపి, దానిని ముద్రించినవారిని న్యాయస్థానమునకెక్కించిరి! రాజు జంకలేదు, 1886లో తన యేబదవ జన్మదినోత్సవమునను ఆడించెను. 1893లో రాచఱికము కూలి, 1898లో దీవులు అమెరికాలో కలిసిపోయిన పిమ్మట, ఆ గానములను సేకరించి 1909లో గ్రంథముగా వెలువరించిన నథానియల్ ఎమర్సన్ మతప్రచారకుల బిడ్డయే యగుట చరిత్రలోని వింత.

1937లో వైకీకీ తీరమున కొడాక్ సంస్థవారు, ఛాయాచిత్రములకు చాలినంత వెలుతురుండవలెనని, పట్టపగలే హులాను ఆడింప మొదలిడిరి. దానినంతటిని తీసిపాఱవేయజాలము, నర్తకులకు జీవనమును అందే దొరకెను. 1964లో హిలో పట్టణమువారు కలాకౌవ బిరుదుతో ఒక యుత్సవమారంభించినదియు యాత్రికుల రాకకొఱకే, తొలినాళ్ళ వేడుకలలో ఆ రాజు గడ్డమును పోలిన గడ్డములకు పోటీ యొకటి! 1971లో స్త్రీలకు, 1976లో పురుషులకు హులా పోటీలు నెలకొల్పి, ప్రాచీనరీతికి, నవీనరీతికి వేఱువేఱు పరీక్షలు విధించిన తరువాతనే హాలౌలు ఆ యుత్సవమును తమదిగా భావింపసాగెను.