పాట మార్చి సభ గెలిచిన కుర్రాడు

హిప్ హాప్ ఎక్కడ పుట్టిందని బ్రాంక్స్‌లో పెరిగినవాళ్లను అడిగితే ఇంటి నెంబరుతో సహా చెబుతారు. 1520, సెడ్జ్‌విక్ అవెన్యూ. నేను పనిచేసే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పెద్దాయన అదే చెప్పారు. ఒకసారి నన్ను టాక్సీలో ఎక్కించుకున్న డొమినికన్ కుర్రాడూ అదే చెప్పాడు. ఒక సంగీతానికి తేదీ, వీధి, ఫలానా గది అంటూ ఇంత కచ్చితమైన జాతకం ఉండడం నాకు వింతగా తోచింది. మన ఏలపాట ఏ ఊళ్లో, ఎవరి నోట మొదట పుట్టిందో ఎవరు చెప్పగలరు? ఆ వింత పట్టుకునే ఒక ఆదివారం వెళ్లి చూశాను. హార్లెం నదికి దగ్గర్లో, పక్కనే హైవే హోరు, వంద కాపురాలుండే మామూలు ఎత్తైన అపార్ట్‌మెంటు. వీధి బోర్డు మీద ‘హిప్ హాప్ బులవార్డ్’ అని రెండో పేరు. 2016లో నగరం పెట్టిన గౌరవం అది. లోపలినుంచి సంచులు పట్టుకుని సరుకులకు వెళ్లేవాళ్లు వెళుతూనే ఉన్నారు.

1973 ఆగస్టు 11న ఆ ఇంటి కింది అంతస్తులోని కామన్ హాల్లో ఒక పార్టీ జరిగింది. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, కొత్త బట్టలు కొనుక్కోవాలి. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయికి ఆ డబ్బు కావాలి. చిన్న కార్డుల మీద చేత్తో ఆహ్వానాలు రాసి పంచింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్టు. పాటలు వేసే బాధ్యత అన్నయ్య క్లైవ్‌కు అప్పగించింది. పద్దెనిమిదేళ్ల క్లైవ్ భారీ మనిషి. ఆ ఒడ్డూ పొడుగూ చూసి స్నేహితులు హెర్క్యులిస్ అని పిలిచేవాళ్లు. అందులోంచే డీజే కూల్ హెర్క్ అన్న పేరు వచ్చింది. హిప్ హాప్ చరిత్రలన్నీ హెర్క్ పేరుతో మొదలవుతాయి గానీ నా లెక్కలో మొదటి దండం సిండీకి. హాలు మాట్లాడి, ధర పెట్టి, పిల్లల్ని పోగుచేసింది ఆ చెల్లెలే.

క్యాంప్‌బెల్ కుటుంబం జమైకా నుంచి వచ్చింది. తల్లి నర్సింగ్ చదువు కోసం ముందుగా న్యూయార్క్ చేరింది. పన్నెండేళ్ల క్లైవ్ 1967లో వచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1965 వలస చట్టం తలుపు తీశాక, మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఈ నగరంలో దిగడం మొదలుపెట్టారు. అందుకే ఈ కథ నాకు పరాయిదనిపించదు. కింగ్‌స్టన్‌లో సౌండ్ సిస్టమ్ అనే సంప్రదాయం ఉంది. గుండెల్లో దడపుట్టించే పెద్ద పెద్ద స్పీకర్లు ఆరుబయట నిలబెట్టి రికార్డులు వేస్తారు. పాట మీదుగా ఒకడు మైకులో మాటలు విసురుతాడు, జనాన్ని పేరుపేరునా పలకరిస్తాడు. చిన్నప్పుడు క్లైవ్ అది చూసి పెరిగాడు.

ఆ రాత్రి హెర్క్ మొదట తన ఊరి పాటలు వేశాడు. గదిలో చలనం లేదు. అమెరికా పిల్లలకు ఆ జమైకా లయ ఎక్కలేదు. పరాయి దేశంలో మన పాట మోగుతుంటే ఎవరూ పట్టించుకోకపోవడం ఎలా ఉంటుందో వలస వచ్చిన వాళ్లందరికీ తెలుసు. అలాంటప్పుడు మనలో చాలామంది పాట ఆపేసి ఇంటికెళ్లి తలుపు వేసుకుని వింటాం. హెర్క్ పాట మార్చాడు. జేమ్స్ బ్రౌన్ లాంటి వాళ్ల సోల్, ఫంక్ రికార్డులు తీశాడు. కానీ స్పీకర్ల మోత జమైకాదే. మైకులో స్నేహితుల పేర్లు పిలిచే పద్ధతి జమైకాదే. రికార్డు పేరు పోటీదారులకు తెలియకుండా నీళ్లలో నానబెట్టి లేబుల్ ఊడదీసే గుట్టు కూడా కింగ్‌స్టన్ విద్యే. పాట వదులుకున్నాడు, సభ నడిపే తీరును వదులుకోలేదు. హిప్ హాప్ అంతా ఆ ఒక్క నిర్ణయంలో ఉందని నా నమ్మకం.

ఆ తర్వాతిది అతని కంటిచూపు. పాటంతా ఒక ఎత్తు, మధ్యలో గాయకుడు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే కొన్ని క్షణాలు ఒక ఎత్తు. నాట్యం చేసేవాళ్లు ఆ క్షణాల కోసమే కాచుకుని ఉంటున్నారని హెర్క్ కనిపెట్టాడు. అదే రికార్డు రెండు కాపీలు తెచ్చి, ఒకదాని మీద డ్రమ్ముల భాగం అయిపోగానే రెండోదాన్ని మళ్లీ అదే చోట మొదలుపెట్టేవాడు. ఈలోగా మొదటిదాన్ని వెనక్కి తెచ్చుకునేవాడు. క్షణాల్లో ముగిసేది నిమిషాల తరబడి సాగింది. ఈ పద్ధతికి ‘మెర్రీ గో రౌండ్’ అని పేరుపెట్టాడు. ఆ భాగంలో నేలమీద గిరగిరా తిరిగిన పిల్లలే బి-బాయ్‌లు. వాళ్ల నాట్యం 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది.

అప్పటి బ్రాంక్స్ ఎలా ఉండేదో ఎక్స్‌రే పెద్దాయన మధ్యాహ్నం అన్నాలప్పుడు చెబుతుంటారు. రాబర్ట్ మోజెస్ అనే అధికారి ఊరి నడుమనుంచి క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే వేయించాడు. తూర్పు ట్రెమాంట్ పేటలో ఒక్క మైలు రోడ్డు కోసం 1,500కు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు. స్తోమత ఉన్నవాళ్లు శివార్లకు పోయారు, బ్యాంకులు అప్పులు మానేశాయి. ఇన్సూరెన్సు డబ్బు కోసం సొంత ఇళ్లను తగలబెట్టించిన యజమానులున్నారు. ఖజానా ఖాళీ అయిన నగరం ఆ మంటల మధ్యే ఫైర్ స్టేషన్లు మూసింది. 1970 నుంచి 1980 లోపల బ్రాంక్స్‌లోని ఏడు జనగణన వార్డులు మంటలకూ పాడుబడడానికీ 97 శాతానికి పైగా కట్టడాలు పోగొట్టుకున్నాయి. 1977 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ షార్లెట్ స్ట్రీట్ శిథిలాల మధ్య నడిచాడు. అదే ఏడాది జులై 4న క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌లో మనవాళ్ల గణపతి గుడికి కుంభాభిషేకం జరిగింది. మరో తొమ్మిది రోజులకు నగరమంతా కరెంటు పోయి దోపిడీలు జరిగాయి. ఒకే నగరం, ఒకే నెల. అర్చనకు బారులు తీరిన మనవాళ్లకు నది అవతలి మంటలు ఏ మేరకు కనిపించాయో అని ఆ గుడికి వెళ్లినప్పుడల్లా అనిపిస్తుంది, మనసు చివుక్కుమంటుంది.

ఆ బూడిదలో చదువు ఆగలేదు. బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన జోసెఫ్ శాడ్లర్ వృత్తివిద్యా బడిలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అయ్యాడు. హెర్క్ కంటికి తోచినచోట ముల్లు దించేవాడు. ఫ్లాష్ రికార్డు మీద క్రేయాన్‌తో గుర్తు గీసి, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్కకట్టి, తాళం తప్పకుండా కలిపాడు. గ్రాండ్ విజర్డ్ థియొడోర్ అనే పిల్లవాడు గదిలో పెద్దగా పాటలు పెడితే తల్లి వచ్చి కేకలేసింది. ఆమె మాట వినడానికి తిరుగుతున్న రికార్డును చేత్తో ఆపి అటూ ఇటూ జరిపినప్పుడు వచ్చిన గరగర శబ్దమే ‘స్క్రాచ్’ అయింది. వాద్యాలు కొనలేని పిల్లలు వాద్యం వినిపించే యంత్రాన్నే వాద్యం చేసుకున్నారు.

ఇక మాట సంగతి. హెర్క్ పక్కన మైకు పట్టిన కోక్ లా రాక్ మొదట్లో స్నేహితుల పేర్లు పిలిచి సరదా మాటలు చెప్పేవాడు. ఆ పలకరింపులు పెరిగి ప్రాసలయ్యాయి, ప్రాసలు పెరిగి పంతాలయ్యాయి. 1981 డిసెంబరులో హార్లెం వరల్డ్ అనే క్లబ్బులో కూల్ మో డీ, బిజీ బీ తలపడ్డారు. బిజీ బీ జనాన్ని నవ్వించి, కేకలు పెట్టించి సభను చేతిలోకి తీసుకోవడంలో దిట్ట. కూల్ మో డీ లేచి ఆ తీరునే ఒక్కొక్క మాటగా విప్పి, కూర్పులో బిగువెలా ఉంటుందో చూపించి మట్టికరిపించాడు. సందడి కంటే రచన గొప్పదని ఆ రాత్రి తేలిందని ర్యాప్ చరిత్ర తెలిసినవాళ్లు అంటారు.

ఈ పోటీ గురించి చదివినప్పుడు మన అవధాన సభలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచి, తెలుగులోనూ సంస్కృతంలోనూ తమను గెలిచినవారుంటే తీసేస్తామని సవాలు చేశారు. కొప్పరపు సోదర కవులు గంటల తరబడి ఆశువుగా పద్యాలు ధారకట్టించేవారు. ఈ రెండు జంటల మధ్య గుంటూరు సీమ రెండు పక్షాలై చీలి పత్రికల్లో వాదులాడుకుంది. మీసం మెలేసి సభలో నిలబడ్డ, తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వారికీ, మెడలో గొలుసులతో మైకు పట్టిన బ్రాంక్స్ కుర్రాడికీ పోలిక తెస్తే పండితులు కోప్పడతారేమో. నాకు మాత్రం ఇద్దరిలోనూ ఒకే రోషం కనిపిస్తుంది: నోటి మాటకు తలవంచని మనిషి లేడని నిరూపించాలనే రోషం. మనకు యతి ఎంతటి కట్టుబాటో వాళ్లకు తాళం అంతటి కట్టుబాటు. నాలుగు దెబ్బల్లో మాట ఇమిడితేనే నిలుస్తుంది. మనకు ప్రశ్నలు సంధించే పృచ్ఛకులుంటారు, వాళ్లకు చుట్టూ వలయంగా నిలబడ్డ జనమే పృచ్ఛకులు. తడబడితే వలయం అక్కడికక్కడే శిక్ష వేస్తుంది.

తెనాలి దగ్గర మా ఊళ్లో రామాలయం ముందు జరిగే అష్టావధానాలకు తాతయ్య నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. పద్యం అర్థం కాని వయసు. అప్రస్తుత ప్రసంగి అడిగే చిలిపి ప్రశ్నలకు అందరితోపాటు నవ్వేదాన్ని. చివర్లో అవధాని చెప్పిన పద్యాలన్నీ వరసగా అప్పజెబుతుంటే తాతయ్య నా పాదం గట్టిగా పట్టుకునేవాడు. ఈ దేశంలో ఎన్ని కచేరీలకు వెళ్లినా ఆ పట్టు దొరకలేదు. తాతయ్య పోయినప్పుడు వెళ్లలేకపోయాను. బ్రాంక్స్ పార్కుల్లో వేసవి సాయంత్రాలు పిల్లలు గుండ్రంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు మాట కడుతుంటే, అర్థం సగమే తెలిసినా కదలబుద్ధి కాదు. నా కాళ్లకు రామాలయం అరుగు తగులుతున్నట్టే ఉంటుంది.

డబ్బు వచ్చాక జరిగింది మాత్రం నన్ను కలవరపెడుతుంది. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ పేరుతో న్యూజెర్సీలో తయారైన ‘ర్యాపర్స్ డిలైట్’ రికార్డు దేశమంతా మోగింది. అందులో పాడిన బిగ్ బ్యాంక్ హ్యాంక్ బ్రాంక్స్ కవి గ్రాండ్‌మాస్టర్ కాజ్ మాటలు వాడుకున్నాడు, రికార్డు మీద కాజ్ పేరు లేదు. హెర్క్‌కైతే చెప్పుకోదగ్గ రికార్డే లేదు. 2011లో ఆయన జబ్బుపడితే ఇన్సూరెన్సు లేదని పత్రికలు రాశాయి. ఇన్సూరెన్సు లేని రోగి ముఖం ఆసుపత్రిలో ఎలా ఉంటుందో రోజూ చూసే నాకు ఆ వార్త మింగుడుపడలేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు తలుపు తీసింది 2023లో, ఆ పార్టీకి యాభై ఏళ్లు నిండిన ఏడాది. 1520 ఇంటి కథా అంతే. 2007 ప్రాంతంలో యజమానులు దాన్ని తక్కువ అద్దెల పథకం నుంచి తప్పించబోతే, అద్దెకున్నవాళ్లు హెర్క్‌ను వెంటబెట్టుకుని ఇది హిప్ హాప్ పుట్టినిల్లని చాటి ఎదురునిలిచారు. నలుగురు పిల్లల కేరింతలకు పుట్టిన కళ, ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఇంటివాళ్ల గూడు కాపాడడానికి సాక్ష్యంగా నిలబడింది.

ఇదంతా నేను మీకు రాస్తున్నది ర్యాప్ వినమని చెప్పడానికి కాదు. ఇక్కడి తెలుగు మహాసభల్లో అవధానాలు జరుగుతుంటాయి. ముందు వరసల్లో నాలాంటి వాళ్లం కళ్లు తుడుచుకుంటాం, వెనక వరసల్లో మా పిల్లలు ఫోన్లు చూసుకుంటారు. పిల్లలకు తెలుగు రాదని బాధపడి ఊరుకుంటున్నాం. హెర్క్ ఆ రాత్రి ఊరుకుని ఉంటే జమైకా పాటలు క్యాంప్‌బెల్ వాళ్ల ఇంట్లోనే ఉండిపోయేవి. జమైకా సభ ప్రపంచానికి దక్కేది కాదు.

అందుకని మా తెలుగు సంఘం వాళ్లను ఒక గంట అడుగుతున్నాను. వేదిక మీద పిల్లల్ని కూర్చోబెడదాం. ఒకరు అక్షరం నిషేధించాలి, ఒకరు నాలుగు మాటలిచ్చి కవిత కట్టమనాలి, ఒకరు మధ్యలో చిలిపి ప్రశ్నలతో అడ్డుతగలాలి, ఒకరు గంట కొట్టాలి. చివర్లో కట్టినదంతా కాగితం చూడకుండా అప్పజెప్పాలి. భాష వాళ్లిష్టం, ఇంగ్లీషైనా సరే, వెనక డ్రమ్ములు మోగినా సరే. నియమాలు మాత్రం మన అవధానానివే. పద్యం తర్వాత వస్తుందో రాదో గానీ, సభలో నిలబడి మాటకు మాట అప్పటికప్పుడు కట్టే తెగువ మన తాతలదేనని వాళ్లకు ముందు తెలియాలి.